స్టార్ట్ ఇమీడియట్లీ

1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా ప్రయోగాత్మకంగా టెలిగ్రాఫ్ లైను వేశారు. వేయించింది ఓషానెసీ అనే డాక్టరు. 1855లో జనానికీ తెరిచారు. కంపెనీవాళ్ళకి అది వ్యాపారం, పాలన. మన ఇళ్ళల్లో మాత్రం తంతి వచ్చిందంటే చాలు, విప్పకముందే ఏడుపులు.

మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి నాలుగే ముక్కలు: 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియట్లీ'. చాలాసార్లు అప్పటికే ప్రాణం పోయుండేది. పంపినవాళ్ళకి తెలుసు, అందుకున్నవాడూ లోలోపల ఊహించేవాడు. అయినా ఆ 'సీరియస్' అన్న అబద్ధం రాత్రంతా రైల్లో కూర్చోడానికి కాస్త ఆశనిచ్చేది. ఉద్యోగాల కోసం తలోవైపుకీ చెదిరిన కుటుంబాలు నేర్చుకున్న మర్యాద అది.

2013 జూలై 14 రాత్రితో తంతి బుకింగులు ఆగిపోయాయి. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న కొడుక్కి అమ్మ ఐసీయూ మంచం వీడియో కాల్‌లోనే కనబడుతుంది. అబద్ధానికి చోటే లేదు. సెలవో వీసానో కుదరకపోతే, దహనం కూడా ఫోన్లోనే.

తంతి అందుకుని, అంతా అయిపోయాక చేరినవాళ్ళూ బోలెడుమంది. పాతకాలమే నయమని అనను. కానీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్న ఒకే ఒక్క క్రియ 'స్టార్ట్'. వాట్సాప్ గ్రూపులో 'ఓం శాంతి' అని పెట్టేశాక బయల్దేరమని మనకెవరు చెప్తారు?