క్రూయిజ్ నౌకల ఈతకొలనులు, హాట్ టబ్‌లు

విహార నౌకల పైఅంతస్తుల్లో ప్రయాణికుల కోసం ఏర్పాటు చేసే స్నాన సదుపాయాలు ఇవి. శ్రీకాకుళం జిల్లాలోని కోటబొమ్మాళి వైపు వారికి దగ్గరలోని క్రూయిజ్ రేవు విశాఖపట్నం. అక్కడి నుంచి 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక ప్రయాణాలు మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో అక్కడే అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

పరిశుభ్రత: హాట్ టబ్‌లో నీరు తక్కువ, వేడి ఎక్కువ. నలుగురు దిగితే చాలు, ఒంటి చెమట, నూనెల వల్ల క్లోరిన్ ఇట్టే తరిగిపోతుంది. అమెరికా నౌకా పారిశుద్ధ్య నియమాల ప్రకారం లీటరు నీటికి ఈతకొలనులో కనీసం 1, హాట్ టబ్‌లో 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. తొట్టి గోడ చేతికి జిగటగా తగిలితే దిగకపోవడమే మేలు. విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఈ క్లోరిన్‌కూ లొంగక రోజుల తరబడి బతుకుతుంది. అందుకే విరేచనాలవుతున్నవారు నీళ్లలో దిగరాదు.

లెజియోనెల్లా: ఈ బాక్టీరియా నీటి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. 1994లో ‘హొరైజన్’ నౌకలో 50 మంది దీని బారిన పడ్డారు. హాట్ టబ్ ఇసుక ఫిల్టరులో ఆ క్రిమి దొరికింది.

భద్రత: నీటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. గర్భిణులు, గుండెజబ్బులున్నవారు ముందుగా వైద్యుణ్ని అడగాలి. అడుగు తూము జాలీ ఊడితే తూము నీటిని పీల్చే బలానికి జుట్టు చిక్కుకోవచ్చు. పిల్లల్ని ఒంటరిగా వదలరాదు.