జన్మాంతర ప్రణయము - సాలూరు గానపరంపర

పూర్వజన్మమున ఎడబాసిన ప్రేయసీప్రియులు మరల జన్మించి ఒకరినొకరు గుర్తించుట మన వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైన కథాబీజము. బాణుని కాదంబరికి ఇదియే జీవము. 2009లో వెలువడిన 'మగధీర' చిత్రమును, అదే యేట ఆంగ్లమున లారెన్ కేట్ కౌమారవయస్కులకై రచించిన 'ఫాలెన్' నవలయు ఈ బీజమునే ఆశ్రయించినవి. కావున దీనిని కాలము చెల్లిన నమ్మకమని త్రోసివేయుటకు వీలులేదు. అయితే ఇట్టి కథలను గూర్చి చెప్పునపుడు కర్మసిద్ధాంతమును పేర్కొని ఊరకుండుట పరిపాటి. గుర్తింపు ఏ ద్వారమున కలుగుచున్నదను ప్రశ్న మిగిలియే యున్నది. నా దృష్టిలో ముఖ్యమైన ప్రశ్న అదియే.

శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాట విన్న దుష్యంతునకు కారణము తెలియని బెంగ కలుగును. ఇది జన్మాంతర స్నేహముల స్మృతి కాబోలునని అతడు తలపోయును. నిజమునకు అచట మరపు శాపకృతమే కాని జన్మాంతరకృతము కాదు. ఐనను మరుగుపడిన ప్రేమను గానము కదలించునను భావమునకు కాళిదాసే సాక్షి.

తెలుగున ఈ భావము పింగళి సూరన చేతిలో కొత్త రూపు దాల్చినది. 16వ శతాబ్దినాటి కళాపూర్ణోదయమున కలభాషిణి, మణికంధరుడు ఇరువురును సంగీత విద్యార్థులు. మణికంధరుడు నారదుని శిష్యుడు. కలభాషిణియు నారదుని ననుసరించి ద్వారకలో గాన మభ్యసించినది. మరుజన్మమున ఆమె మధురలాలసగాను, అతడు కళాపూర్ణుడుగాను జన్మింతురు. ఇంకను శిశువైన మధురలాలస మణి ప్రభావమున పూర్వకథ నెల్ల చెప్పును. కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' (1914) ఈ కావ్యమునకు ఆధునిక విమర్శలో పీఠము వేసినది. కథాసంవిధానపు చిక్కుదనమును మెచ్చుకొను మనము, ఈ జంట తొలుత సహాధ్యాయులను సంగతిని అంతగా పట్టించుకొనము. స్మృతికి సూరన మణిని సాధనముగా వాడెను. అది కథ కనుకూలించిన ఉపాయము; పాటయే ఆ పని చేసియుండిన ఇంకను ఉచితముగా నుండెడిదేమో!

ఆ పని వేరొక కాలమున, వేరొక కళలో జరిగినది. దాని మూలమును వెదకుచు వేగవతీ తీరమందలి సాలూరునకు పోవలసియున్నది. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్న ఈ పట్టణమున పట్రాయని నరసింహశాస్త్రిగారు సంగీతమును నేర్పిరి. వారిని పెదగురువుగారనియు, వారి కుమారులు సీతారామశాస్త్రిగారిని చినగురువుగారనియు జనులు వ్యవహరించిరి. సీతారామశాస్త్రిగారు తరువాత విజయనగరపు సంగీత కళాశాలలో గాత్రమును బోధించిరి. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా ఏర్పడిన సంస్థ అది. మధుకరము చేసికొని పొట్ట పోసికొనుచు అచట చదివిన ఘంటసాల వేంకటేశ్వరరావు చినగురువుగారి శిష్యుడు. పి. సుశీల జన్మస్థలము విజయనగరమే. ఆమె చదువును ఆ కళాశాలలోనే సాగినది. (సాలూరు పేరు వినగానే రాజేశ్వరరావుగారు తలపునకు వత్తురు, శివరామపురమున 1922లో జన్మించిన వారిది వేరొక శాఖ.)

1964లో విడుదలయైన 'మూగమనసులు' చిత్రమున ఈ రెండు గళములును కలిసినవి. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు, కె.వి. మహదేవన్ సంగీతకర్త; రచనలో ఆత్రేయ, ముళ్లపూడి వెంకటరమణ పాలుపంచుకొనిరి. క్రొత్తగా పెండ్లియైన దంపతులు గోదావరిపై పడవలో పోవుచుండగా సుడిని సమీపించునంతలో వరునకు పూర్వజన్మము స్ఫురించును. నాడు అతడు పడవనడుపు గోపి, ఆమె జమీందారుబిడ్డ రాధ. కులము, కలిమి, తరువాత రాధ వైధవ్యము - ఇన్నియు అడ్డు నిలిచిన ప్రేమ అది. నోట వెలువడనే లేదు. కలభాషిణికి జన్మాంతరము కోరిక ఫలించు మార్గము. రాధకు అది సంఘము నిరాకరించిన వరుని పొందుటకు మిగిలిన ఏకైక మార్గము. దీనిని పలాయనమనువారు కలరు. నేను అట్లనజాలను. ఈ జన్మమున వీరికి చోటులేదని కథయే ఒప్పుకొనుచున్నది. సంఘముపై అంతకు మించిన ఫిర్యాదు మరియేమి కావలయును?

ఈ చిత్రమున మరువరానిది ఒక పాటపాఠము. గోపి గురువు, జమీందారుబిడ్డ శిష్య. ఆమె చదువుకొన్న నోటితో మాటను శుద్ధముగా పలుకగా, పడవవాడు కాదని ఆమె చకారమును తన యాసలోని సకారముగా దిద్దును. అంతస్తుల తారతమ్యము ఆ క్షణమున తలక్రిందులగును. ప్రేమ వాచ్యము కాని ఈ కథలో వారి సాన్నిహిత్యమునకు చోటిచ్చినది ఆ పాఠమే. ఆ గురుశిష్యుల నోట పలికిన ఘంటసాల, సుశీల ఇరువురును విజయనగరపు కళాశాల బిడ్డలగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని శాస్త్రీయ శిక్షణ పొందిన గళములు పడవవాని యాసను ఇంత సహజముగ ధరించుటలో చినగురువుగారివంటి ఆచార్యుల శిక్షణకు కొంత పాలు ఉండకపోదు.

1967లో ఆదుర్తియే ఈ కథను హిందీలో 'మిలన్' గా తీసినప్పుడు ఆ పాఠమును విడువలేదు. అచట కథానాయిక శకారము పలుకగా పడవవాడు దానిని సకారముగా దిద్దును.