టార్పెడో తగిలాక బతికిందెవరు?

నగర శివార్లలో ఓ రిసార్టు. ఉద్యోగుల మధ్య నమ్మకం పెంచే ఆటట. కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని వెనక్కి పడమన్నారు. వెనక నిలబడ్డ సహోద్యోగి పట్టుకోవాలి. సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోనొచ్చింది. నడుం పట్టేసి నాలుగు రోజులు మంచమెక్కాక, అసలీ ఆట ఎక్కడిదా అని ఆరా తీశాను. తీగ లాగితే డొంకకు బదులు సముద్రం కదిలింది.

రెండో ప్రపంచయుద్ధం. బ్రిటన్ సరుకు ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు వరసపెట్టి ముంచేస్తున్నాయి. లివర్‌పూల్‌లోని బ్లూ ఫన్నెల్ ఓడల కంపెనీ భాగస్వామి లారెన్స్ హోల్ట్‌ను ఒక సంగతి తొలిచేస్తోంది. ఓడ మునిగాక లైఫ్‌బోట్లలో ముందు ప్రాణాలొదిలేది ఒంట్లో సత్తువున్న కుర్రాళ్లేనని, తెరచాప ఓడల మీద ముదిరిన పాతకాపులు తట్టుకుంటున్నారని ఆయన నమ్మకం. కుర్రాళ్లది ఆవిరి ఓడల చదువు. గాలి ఎదురు తిరిగితే తెడ్డు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఊరుకోవాలో పెద్దవాళ్ల ఒంటికే తెలుసు.

ఈ బెంగ విన్న మనిషి కర్ట్ హాన్. జర్మనీలో సేలం బడి నడిపిన యూదు కుటుంబీకుడు. హిట్లర్‌ను బాహాటంగా ఎదిరించి 1933లో జైలుకెళ్లాడు. బ్రిటన్ చేరి స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ బడి పెట్టాడు. ఇద్దరూ కలిసి 1941లో వేల్స్ తీరాన అబర్డవీలో 'ఔట్‌వర్డ్ బౌండ్' బడి మొదలుపెట్టారు. రేవు వదిలి బయల్దేరిన ఓడను నావికులు అలా అంటారు.

దాదాపు నెల రోజుల తర్ఫీదు. పొద్దున్నే చన్నీళ్లు, పరుగు, పడవ పని, కొండల్లో నడక. ఓడ కుర్రాళ్ల పక్కనే ఫ్యాక్టరీ కుర్రాళ్లు, పోలీసు కేడెట్లు. సముద్రం కోసం కాదు, సముద్రం చేత తర్ఫీదు అన్నది హోల్ట్ పట్టు. నమ్మకం మీద పాఠమంటూ వేరే అక్కర్లేదు. ఒకడి తెడ్డు లయ తప్పితే వెనకవాడి తెడ్డుకు టప్పున తగులుతుంది, పడవ పక్కకు తిరుగుతుంది. పనిదొంగ అరగంటలో దొరికిపోతాడు.

యుద్ధం ముగిసినా బడి మూతపడలేదు. 1962లో అమెరికాలోని కొలరాడో కొండలకెక్కింది. 1971లో మసాచుసెట్స్‌లోని హామిల్టన్-వెన్‌హామ్ హైస్కూల్లో ఆ స్ఫూర్తితోనే 'ప్రాజెక్ట్ అడ్వెంచర్' పుట్టింది. ఊళ్లో పిల్లలందర్నీ నెల రోజులపాటు కొండలకు తీసుకెళ్లలేరు కదా! అందుకని బడి ఆవరణలోనే తాళ్లు, చెక్కగోడలు, జట్టు ఆటలు. లెక్క అక్కడే మారిందని నా అనుమానం. నెల కాస్తా పీరియడ్లయింది, కంపెనీల దగ్గరికొచ్చేసరికి భోజనానికీ టీకీ మధ్య గంటన్నరయింది. తెడ్డు పోయింది, చలి పోయింది, వెనక్కి పడటం మిగిలింది.

నన్ను కింద పడేసిన పెద్దమనిషితో ఆ మార్చి నెలాఖరు లెక్కలకు మూడు రాత్రులు ఆఫీసులోనే కూర్చున్నాను. రెండో రాత్రి కునుకు పట్టింది. లేచేసరికి నా ఫైళ్లు కూడా ఆయన బల్ల మీదున్నాయి.