సెల్ఫ్ నుండి లేఖిని దాకా

మనలో చాలామంది తొలి తెలుగు టపాలు వీవెన్ గారి లేఖినిలో రూపుదిద్దుకొన్నవే. దానికి ఆధారం వెన్న నాగార్జున గారి 'పద్మ'. రెండూ జావాస్క్రిప్టులో వ్రాసినవి.

బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో తొలిరూపమిచ్చిన ఆ భాషలో, ఏ పేరులో ఏ జాతి విలువ ఉండాలో ముందుగా చెప్పనక్కరలేదు. వ్రాసేవారికి అది సుఖం, యంత్రానికి కష్టం. కూడిక గుర్తు కనబడిన ప్రతిసారీ, కూడవలసినవి అంకెలా, అతకవలసినవి పదాలా అని విచారించాలి.

మా హిందూపురం మార్కెట్టులో గుమస్తాను ఊహించండి. ప్రతి బస్తా విప్పి, సరుకు చూసి, ధరల పుస్తకం వెదకాలి. వరుసగా పది బస్తాలూ చింతపండే అయితే, ఆ పుటను తెరచియే ఉంచుతాడు. బస్తా మూతి మాత్రం చూస్తాడు. మిరప వస్తే మళ్ళీ పుస్తకం తిరగవేస్తాడు. 1984లో డాయిచ్, షిఫ్‌మన్ స్మాల్‌టాక్ భాషకు చేసినది ఇదే.

1986లో డేవిడ్ ఉంగార్, రాండల్ స్మిత్ 'సెల్ఫ్' భాషను రూపొందించారు. ఒకేచోట పలు జాతులు ఎదురైతే, వాటన్నిటికీ ఒక చిన్న పట్టిక ఉంచే పద్ధతిని హోల్జ్‌లే, ఛేంబర్స్, ఉంగార్ 1991లో ప్రకటించారు. తరచుగా నడిచే భాగాన్ని మాత్రం, ఎదురైన జాతులకు తగినట్లు ప్రత్యేకంగా మలచే విధానమూ ఈ భాషలోనే పరిణతి పొందింది. ధర్మవరంలో ఒక్క చీర కోసం జకార్డు అట్టలు గ్రుచ్చరు. అదే అంచు పలుమార్లు నేయవలసినప్పుడే ఆ శ్రమ గిట్టుతుంది.

ఊహ తప్పితే? నెమ్మదైనా నిరపాయమైన పాత దారికి మరలాలి. 1565 తరువాత విజయనగర ప్రభువులకు పెనుకొండ దుర్గం ఉన్నట్లు, ప్రోగ్రాముకూ ఒక ఆశ్రయం ఉండాలి. అది లేనిదే ఈ సాహసం చెల్లదు.

సన్ సంస్థ 1995లో సెల్ఫ్ పరిశోధనను నిలిపివేసింది. విద్య మాత్రం నిలువలేదు. సెల్ఫ్ మీద పనిచేసిన లార్స్ బాక్, 2008 సెప్టెంబరులో క్రోముతో వెలువడిన వీ8 యంత్రానికి సారథి. అందులో సెల్ఫ్ ఉపాయాలే జావాస్క్రిప్టుకు అమరాయి. 2009లో ఫైర్‌ఫాక్స్ 3.5 వేరొక మార్గాన తన వేగాన్ని పెంచుకొంది. 2022 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.11 సైతం ఈ సూత్రంతో, మరికొన్ని మార్పులతో, సగటున 25 శాతం వేగవంతమైంది.

సెల్ఫ్‌లో ప్రోగ్రాములు వ్రాసినవారు బహు కొద్దిమంది. దాని ఆలోచన మాత్రం నేడు కోట్ల యంత్రాలలో పనిచేస్తున్నది. ఒక భాష విలువను వాడేవారి సంఖ్యతోనే తూచరాదని, తెలుగులో వ్రాసే మనకు వేరే చెప్పాలా?