మూడక్షరాల కోసం ఎనిమిదేళ్లు

డాక్టర్ శివరంజని సంతోష్ హైదరాబాదులో పిల్లల వైద్యురాలు. విరేచనాలతో వాడిపోయిన పసివాళ్లు ఆమెకు కొత్త కాదు. కళ్లు గుంటలు పడతాయి. నాలుక పిడచకట్టుకుపోతుంది. ఏడిస్తే కన్నీరు రాదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత వెంటనే సర్దుకోదు. అలాంటి బిడ్డకు ముందు ఓఆర్‌ఎస్, అంటే కొలత ప్రకారం లవణాలు, గ్లూకోజు కలిపిన నీళ్లు, పట్టాలని ఏ పల్లెలో అడిగినా చెబుతారు. పడుతూనే ఉన్నామని తల్లులూ చెప్పేవారు. అయినా విరేచనాలు కట్టేవి కావు, కొందరికి ఇంకా ఎక్కువయ్యేవి. ఇంతకీ ఏం పడుతున్నారని ఆరా తీస్తే, రంగురంగుల పెట్టె ఒకటి బయటికొచ్చింది. దాని పేరులోనే ఓఆర్‌ఎస్ అనే అక్షరాలున్నాయి. లోపల ఉన్నది మాత్రం పళ్ల రుచి కలిపిన తియ్యటి నీళ్లు.

ఆమె బయటపెట్టిన లెక్క ప్రకారం అలాంటి పానీయంలో లీటరుకు 120 గ్రాముల దాకా చక్కెర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. దాదాపు తొమ్మిది రెట్లు!

బిడ్డ ఇష్టంగా తాగుతాడు కదా, కాస్త తీపి ఎక్కువైతే ఏం పోయిందని అనిపిస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. పేగులో చక్కెర చిక్కబడితే, దాన్ని పలచన చేయడానికి రక్తంలోని నీరే పేగులోకి దిగుతుంది. దాహం తీర్చాల్సిన పానీయం ఒంట్లో మిగిలిన నీటినే లాగేస్తుంది. ఆ నీటితోపాటు లవణాలూ పోతాయి.

ఆ లవణాలనే ఎలక్ట్రోలైట్లు అంటారు. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. నీరు కణాల లోపల ఎంత ఉండాలో, బయట ఎంత ఉండాలో చాలావరకు నిర్ణయించేది అదే. సోడియం బాగా పడిపోతే నీరు మెదడు కణాల్లోకి చొరబడి అవి వాస్తాయి. తలనొప్పి, మత్తు, ఆపైన ఫిట్స్. మితిమీరితే అవే కణాలు కుంచించుకుపోతాయి. పొటాషియం సంగతి ఇంకా సున్నితం. ఒంట్లో ఉన్నదాంట్లో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మాత్రమే. విరేచనాలతో అది పోతే కండరాలు పట్టు తప్పుతాయి, పొట్ట ఉబ్బుతుంది, గుండె లయ చెదురుతుంది. పెరిగినా గుండెకే ముప్పు.

మరి ఓఆర్‌ఎస్‌లో అసలు చక్కెర ఎందుకు? పేగు గోడలో సోడియం, గ్లూకోజు కలిసి లోపలికి వెళ్లే దారి ఒకటుంది. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు కావాలన్నట్టు, రెండూ ఉంటేనే అది తెరుచుకుంటుంది. అవి వెళితే వాటి వెంట నీరూ వెళుతుంది. రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రాగ్ నగరంలో ఈ సంగతి వివరించాడు. కలరా కూడా ఆ దారిని చెడగొట్టలేదు.

దాని విలువ లోకానికి తెలిసింది 1971లో. బంగ్లాదేశ్ యుద్ధం తరిమిన లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దు దాటారు. వాళ్లతో కలరా కూడా వచ్చింది. బన్‌గావ్ ఆసుపత్రిలో రెండు గదుల నిండా రోగులే. మంచాలు చాలక నేల మీదే పడుకోబెట్టారు. సెలైన్ ఎక్కించాలంటే వాంతులు, విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. ఉన్న సెలైన్ చూస్తుండగానే అయిపోతోంది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అప్పుడు తెగించి ఒక నిర్ణయం తీసుకున్నాడు. లీటరు నీళ్లకు గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, తినే సోడా 2.5 గ్రాములు. కలకత్తాలో ఈ లెక్కన పొట్లాలు కట్టించి తెప్పించాడు. వాటిని నీళ్లలో కలిపి, కుళాయిలున్న డ్రమ్ముల్లో నింపించాడు. రోగుల తల్లులు, అన్నదమ్ములు, భార్యలు కప్పులతో పట్టుకెళ్లి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఈ శతాబ్దపు వైద్యంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ముందడుగు కావచ్చని లాన్సెట్ పత్రిక 1978లో రాసింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉప్పునూ గ్లూకోజునూ ఇంకా తగ్గించి సూత్రాన్ని సవరించింది. ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే పసివాళ్ల మీద ఏం పని చేస్తుందో చూసి చూసి ఖాయం చేసిన కొలత అది.

ఆ కొలతకున్న పేరును రసాల పెట్టెలు వాడుకుంటున్నాయని శివరంజని పోరాటం మొదలుపెట్టారు. మందుల నియంత్రణ అధికారులకు రాస్తే, అది మందు కాదు, ఆహారమన్నారు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ గడప తొక్కారు. 2022 ఏప్రిల్‌లో ఆ సంస్థ అలాంటి పేర్లను నిషేధించింది. మూడు నెలలు తిరిగేసరికి, జూలై 14న, తలుపులు మళ్లీ తెరిచింది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదని పెట్టె మీద ఒక వాక్యం వేస్తే చాలు, పేరు వాడుకోవచ్చంది. ఆమె తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు.

ఆ రాయితీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తమిళనాడులో రాజపాళయం పక్కన తళవాయిపురంలో ఒక తెలుగింటి తల్లిని ఊహించుకోండి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. రాత్రి బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే మందుల షాపుకు పరుగెత్తి ఓఆర్‌ఎస్ అడుగుతుంది. చేతికొచ్చిన పెట్టె మీద ఆ మూడక్షరాలు పెద్దగా ఉన్నాయి. ఇది అది కాదన్న ముక్క ఎక్కడో చిన్నగా, ఇంగ్లీషులో ఉంది. ఆ చీకట్లో, ఆ కంగారులో ఆమె దాన్ని వెతికి చదువుతుందని ఎవరు నమ్మారు?

చివరకు 2025 అక్టోబరు 14న ఆహార భద్రత సంస్థ తన రాయితీలన్నిటినీ వెనక్కి తీసుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోనిదేదీ ఓఆర్‌ఎస్ అనే మాటను పేరులో పెట్టుకోకూడదంది. ఎనిమిదేళ్ల పోరు ఫలించిందని వీడియోలో చెబుతూ ఆ డాక్టరమ్మ కన్నీళ్లు పెట్టుకున్నారు. దేశమంతా ఆ వీడియో చూసింది. కంపెనీలు ఊరుకోలేదు, ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ఒక కంపెనీకి కొద్ది రోజుల ఊరట దొరికింది కూడా. కానీ నెలాఖరుకల్లా ఆహార భద్రత సంస్థ తన మాట మీదే నిలబడింది, ఇంకో కంపెనీ పిటిషన్‌ను హైకోర్టు కొట్టేసింది. అలాంటి సరుకును దుకాణాల నుంచి, ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తీయించాలని నవంబరులో రాష్ట్రాలకు ఆదేశాలు వెళ్లాయి.

మీరు కొనే పొట్లం వెనక లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములని ఉందేమో చూసుకోండి. లీటరు పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. సగం పొడి ఓ గ్లాసులో వేసి చిక్కగా పట్టకూడదు, పైన చక్కెర చల్లకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. బిడ్డ మగతగా పడి ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా, గంటల తరబడి మూత్రం రాకపోయినా ఇంట్లో ఉంచొద్దు. తాగగలిగితే దారిలో ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.