దైవాజ్ఞను వేడిన మన పూర్వులు

పుట్టిన నేలను విడిచి పరప్రాంతమున కాపురము పెట్టుట చిన్న నిర్ణయము కాదు. విజయనగర రాజుల కాలమునను, పిమ్మట తంజావూరు, మధుర నాయక రాజుల కాలమునను ఎన్నో తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలిపోయినవి. సేనలలో కొలువునకై కొందరు, నల్లరేగడి భూములను సాగుచేయుటకై కొందరు, విద్యావృత్తికై, వర్తకమునకై మరికొందరు పోయిరి. ఈ కారణములను చరిత్రకారులు చక్కగా వివరించియున్నారు. కాని ఆ కుటుంబముల పెద్దల నడిగినచో వారు చెప్పు కారణము తరచు వేరుగా నుండును. కులదైవము సెలవిచ్చినది గనుక వచ్చితిమని వారందురు. ఈ రెండు మాటలును పరస్పర విరుద్ధములు కావు. కరవును, యుద్ధమును, ఉపాధియు మనుష్యుని గడప దాటించును. ఏ దిక్కునకు పోవలెను, ఏ పనికి పూనుకొనవలెను అను ప్రశ్న వచ్చినప్పుడు మన పూర్వులు దేవుని యెదుట నిలిచిరి. వారెట్లు అడిగిరి, దొరకిన జవాబును ఏమి చేసిరి అనునదియే ఇచట విచారింపదలచిన విషయము.

మనము స్థిరపడిన సీమలన్నింటను దైవము నడుగు పద్ధతులు కలవు. తమిళనాట ఎఱ్ఱపూవును, తెల్లపూవును వేరువేరు పొట్లములుగా కట్టి, సన్నిధిలో నుంచి, ఒకదానిని తీసి చూతురు. కన్నడదేశమున విగ్రహమునకు అలంకరించిన పూవు కుడివైపున రాలినచో దేవుడు ప్రసాదమిచ్చెనని సంతోషింతురు. మహారాష్ట్రమున దేవునకు పూవులంటించి ఏ వైపుది ముందు రాలునో చూచుటను కౌలు అందురు. మన రైతులు భూమిని కౌలునకు తీసికొంటిమనునప్పటి మాటయు నిదియే. మాట యిచ్చుట యని దాని మూలార్థము. ఒడిశాలో నవకళేబరమునకై దారువును వెదుక బయలుదేరువారు ముందుగా జగన్నాథస్వామి ఆజ్ఞామాలను పొందుదురు. తెలుగునాట చీటీలు వ్రాసి దేవుని ముందు వేయుట అందరెరిగినదే. పద్ధతులు వేరైనను భావమొక్కటే. అయితే పూవు ఔననియో కాదనియో మాత్రమే చెప్పగలదు. చరిత్రలో నిలిచిన కొన్ని నిర్ణయములను పరిశీలించినచో దైవము నడుగుట అంతకంటె పెద్ద పని యని తెలియగలదు.

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలెను. కళింగ దండయాత్ర సందర్భమున విజయవాడలో కొన్నాళ్లు విడిసి, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించితిననియు, ఆ రాత్రి కడపటి జామున స్వామి కలలో సాక్షాత్కరించి గోదాదేవి కథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెననియు ఆయనయే ఆముక్తమాల్యద అవతారికలో చెప్పుకొనెను. అప్పటికే సంస్కృతమున గ్రంథములు రచించిన ప్రభువునకు ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్న సామాన్యమైనది కాదు. మేలుకొనిన రాజు కలను తనలోనే దాచుకొనలేదు. విద్వాంసులను పిలిపించి వారి కెరిగించెను. వారు దాని ఫలమును విప్పి చెప్పిన పిమ్మట కావ్యమునకు పూనుకొనెను. సామ్రాజ్యమునేలు రాజు సైతము తన కలను పదిమంది వివేకమునకు అప్పగించెనన్నమాట. నేటి కర్ణాటకమందలి హంపీలో రాజధాని గల ప్రభువు, ఆంధ్రదేశపు గుడిలో కలగని, తమిళనాటి శ్రీవిల్లిపుత్తూరు భక్తురాలి కథను తెలుగున చెప్పెను. సరిహద్దుల కీవల నివసించు మనకు ఈ కావ్యము మిక్కిలి దగ్గరిది.

రెండవ ఉదాహరణము కావేరీతీరమున నున్నది. కృష్ణలీలాతరంగిణి కర్తయైన నారాయణతీర్థులు గుంటూరు మండలమందలి కాజ గ్రామమువారని సంప్రదాయము. సన్న్యసించి దక్షిణమునకు వచ్చిన ఆ యతి తీవ్రమైన కడుపునొప్పితో బాధపడుచు నడుక్కావేరి వద్ద దైవమును వేడుకొనెను. ఉదయమున ముందుగా కనబడు ప్రాణిని వెంబడింపుమని ఆజ్ఞయయ్యెను. తెల్లని వరాహ మొకటి కనబడగా, బాధను సహించుచు దాని వెంట నడచెను. భూపతిరాజపురమున వేంకటేశ్వరుని గుడివద్ద అది అంతర్ధానమయ్యెను. ఆ యూరికి వరాహూరు అను పేరు అందువలన కలిగెనందురు. ఈ కలకు శాసనాధారమును చూపలేము. కాని దాని ఫలితము మన కనులయెదుట నున్నది. పండ్రెండు తరంగములుగల ఆ సంస్కృత గేయకావ్యము ఒకవైపు తమిళనాటి భజనగోష్ఠులకు, మరియొకవైపు కృష్ణాతీరపు కూచిపూడి నాట్యమునకు జీవనాడి యైనది. ఆ యతికి జీవితమంతటికి సరిపడు ప్రణాళిక లభింపలేదు. ఒక ఉదయమునకు సరిపడు దారి మాత్రమే లభించెను. ఆయన దానితోనే తృప్తిపడి నడచెను.

మూడవవారు త్యాగరాజస్వామి. 1767లో తిరువారూరున, ములకనాటి తెలుగు కుటుంబమున జన్మించి, తిరువైయ్యారున జీవితము గడపిరి. శొంఠి వేంకటరమణయ్యగారివద్ద శాస్త్రోక్తముగా సంగీతము నభ్యసించిన ఆ యువకునకు రాజాస్థానము సహజమైన కొలువు. తంజావూరును 1798 నుండి 1832 వరకు పాలించిన శరభోజి మహారాజు పిలుపు నంపగా, ఆయన దానిని తిరస్కరించిరని శిష్యపరంపర చెప్పును. కల్యాణి రాగమందలి ఒక ప్రసిద్ధకీర్తన ఆ సందర్భమున పుట్టినదందురు. ఆ కీర్తన ప్రశ్నరూపమున నున్నది. ధనములోని సుఖమెంత, రాముని సన్నిధిలోని సుఖమెంత యని ఆయన తన మనస్సునే నిలదీసిరి. దైవమును అడుగుట యనగా తన మనస్సును దైవము నెదుట నిలిపి నిజము చెప్పించుట యని ఆ కీర్తన బోధించుచున్నది. ఆ నిర్ణయమునకు ఆయన మూల్యము చెల్లించిరి. వీధివీధిని పాడుచు ఉంఛవృత్తితో సంసారము నడపిరి. రాబడి పోయినందులకు అలిగిన అన్నగారు పూజావిగ్రహములను కావేరిలో పారవేసెనను కథ మీరందరు వినినదే. 1847లో, సన్న్యాసము స్వీకరించిన కొలదికాలమునకే, ఆయన సిద్ధిపొందిరి. వాలాజాపేట శిష్యులు వ్రాసి దాచిన గ్రంథములవలన ఆయన కృతులు పెక్కు మనకు దక్కినవి.

ఆ కథ అచటితో ముగియలేదు. కన్నడదేశమందలి నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు మద్రాసున గొప్ప గాయనిగా పేరును, ధనమును గడించిరి. త్యాగరాజు సమాధి శిథిలమై, పొదల మధ్యనున్నదని 1921లో తమ గురువు వ్రాసిన జాబువలన ఆమె కెరుకయైనది. స్వామి కలలో కనబడి ఆనతిచ్చెనని చెప్పుదురు. ఆమె తన ఆస్తిని, నగలను వెచ్చించి సమాధిపై ఆలయము కట్టించిరి. 1925లో ప్రతిష్ఠ జరిగెను. అచటి ఆరాధనోత్సవమున స్త్రీలకు పాడుటకు చోటులేనప్పుడు ఆమె వెనుదిరుగలేదు. స్త్రీలకై వేరుగా ఉత్సవము నడిపించిరి. 1952లో పరమపదించిన పిమ్మట ఆమెకును ఆ సన్నిధికి ఎదుటనే సమాధి కట్టబడెను. నేడు ఏటేట పుష్యబహుళపంచమినాడు స్త్రీలును, పురుషులును ఒక్కటిగా పంచరత్నములు పాడుచున్నారనిన, అందులో ఆమె నిర్ణయమునకు పెద్ద పాలు కలదు.

ఈ నలుగురి కలలను చరిత్రకారుడు రుజువు చేయలేడు, కొట్టివేయనక్కరయు లేదు. వారు అడిగిన తీరును మాత్రము చూపగలడు. వీరెవ్వరును చేతులు ముడుచుకొని ఆజ్ఞకై కాచుకొన్నవారు కారు. రాయలు పాండిత్యమును, త్యాగరాజు సంగీతమును, నాగరత్నమ్మగారు విద్యను, ధనమును ముందే సంపాదించుకొనిరి. రాయలు పండితులను, నాగరత్నమ్మగారు గురువు మాటను, త్యాగరాజు స్వీయమనస్సును తోడుచేసికొనిరి. లభించిన ఆజ్ఞ వీరిలో నెవ్వరికిని సుఖమును వాగ్దానము చేయలేదు. పనిని మాత్రమే అప్పగించెను. నష్టము వచ్చినప్పుడు దైవము మోసగించెనని వీరు వాపోలేదు.

మన కుటుంబములకు ఇట్టి ఘడియలు నేడును వచ్చుచున్నవి. తాతల నాటి ఇంటిని అమ్మి నగరమునకో, విదేశమునకో పోవుటయా, నిలుచుటయా? స్థిరమైన ఉద్యోగమా, బిడ్డ మనసుపడిన విద్యయా? ఇంటిలో తెలుగును నిలుపుకొందుమా, విడుతుమా? దేవుని ముందు దీపము పెట్టి అడుగుట మన ఆచారము, దానిని విడువనక్కరలేదు. కాని బిడ్డ చదువునో, పెండ్లినో నిశ్చయించునప్పుడు బిడ్డ నడుగక పూవును మాత్రమే అడుగుట భక్తి యనిపించుకొనదు. అది మన బాధ్యతను దేవునిపై నెట్టుట యగును. ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి విచారింపవలెను. పెద్దల అనుభవమును, పిల్లల అభిరుచిని వినవలెను. పిమ్మట సన్నిధిలో నిలిచి, మాకేది లాభమని గాక, మేమేది చేయదగుదుమని అడుగవలెను. రాయలు అట్లడిగినందున మనకొక కావ్యము దక్కెను. త్యాగరాజు అట్లడిగినందున తెలుగు మాటరాని ఇండ్లలో సైతము నేటికిని తెలుగు పాట వినబడుచున్నది.