చిన్నదేలే అనుకున్న గాయం

సుశ్రుత సంహిత నిదాన స్థానంలో 44 క్షుద్ర రోగాల పట్టీ ఉంది. క్షుద్రమంటే ఇక్కడ చేతబడి కాదు, చిన్నదని. ఆనెకాయలు, కాలి పగుళ్ల సరసనే మగవాళ్ల గుట్టు బాధలూ ఉన్నాయి: అంగం ముందు చర్మం చిరిగితే అవపాటిక, వెనక్కి పోయి వాచి బిగుసుకుంటే పరివర్తిక. ఈ రెండోదానికి నెయ్యి రాసి, కాపడం పెట్టి, చర్మాన్ని మెల్లగా ముందుకు తెమ్మన్నాడు సుశ్రుతుడు. ఇవాళ క్యాజువాల్టీ డాక్టరు చేసేదీ ఇంచుమించు అదే: ముందు వాపును నొక్కి తగ్గించి, తర్వాత చర్మాన్ని ముందుకు జరపడం.

ఇక ఇంగ్లీషు వైద్యం మాటకొస్తే, మదనపల్లె, పుంగనూరు వైపు దాన్ని పెంచింది అమెరికన్ ఆర్కాట్ మిషన్. మగ డాక్టరుకు ఒళ్లు చూపించలేని ఆడవాళ్ల కోసం ఆ మిషన్ డాక్టరు ఐడా స్కడర్ 1902లో రాయవేలూరులో షెల్ ఆస్పత్రి తెరిచారు. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి కూడా ఆ మిషన్ పెట్టిందే. 1915 నాటికి క్షయ రోగులకు ఆరోగ్యవరం శానటోరియం వచ్చింది.

ఆడవాళ్ల సిగ్గుకు ఆస్పత్రి కట్టారు. మగవాడి సిగ్గుకు దొరికింది బస్టాండు గోడ మీద రాతలు, లాడ్జి గదిలో మకాం వేసిన ‘స్పెషలిస్టు’.

సుఖరోగమనుకుంటారేమోనన్న భయం ఒకటి. దాంతో పసుపో కొబ్బరినూనో అద్ది ఊరుకోవడం. పంచెల కాలంలో లేని గాయమొకటి ప్యాంటు జిప్పుతో వచ్చి చేరింది కూడా.

నిజానికి చిన్న గీత, కాస్త చిరుగు చాలామటుకు శుభ్రంగా ఉంచితే వారం పది రోజుల్లో మానతాయి. శుభ్రమైన గుడ్డతో పావుగంట అదిమి పట్టినా నెత్తురు ఆగకపోయినా, మూత్రం రాకపోయినా, అందులో నెత్తురు కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆగకూడదు. చీము, జ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం కూడా ఆ కోవలోవే. చర్మం మాటిమాటికీ పగులుతుంటే గాయాన్ని కాదు, షుగరును అనుమానించాలి.

కుప్పంలో ఈ శతాబ్ది మొదట్లో పీఈఎస్ వైద్య కళాశాల వచ్చాక ఆ పక్క పల్లెలకు పెద్దాసుపత్రి దగ్గరైంది. వృషణం మెలిపడితే ఈ దగ్గరతనమే లెక్క: ఒక్కసారిగా నొప్పి పుట్టాక దాన్ని దక్కించుకునేందుకు ఉన్న వ్యవధి సుమారు 6 గంటలు. అందులో సగం, ఇంట్లో ఎవరికి చెప్పాలా అని మంచం మీద దొర్లడానికే పోతుంది.